ఆరని ట్రాము డ్రైవరు

"అది కాదు బామ్మగారూ! అది మీ బొమ్మకి పనికిరాదు" అంటూ కొట్టు యజమాని నిషిగాకి ఆవిడ చేతిలోని స్ప్రే డబ్బా లాక్కోబోయాడు.

హిసానో బామ్మ వదల్లేదు. డెబ్బై తొమ్మిదేళ్లొచ్చినా పట్టు మాత్రం పీత పట్టే.

ఒసాకాలో, నిప్పొంబాషి వీధిలో, బొమ్మల రంగులమ్మే కొట్టు అది. బామ్మ పన్నెండేళ్లుగా అక్కడికే వస్తోంది. బజార్లో దొరికే వీరుల బొమ్మలు కొంటుంది. తల పీకేస్తుంది. తనకి కావలసిన మొహంతో కొత్త తల చేసి అతికించి, రంగులేస్తుంది. తన ఈడు ఆడవాళ్లంతా పూలు సర్దుకుంటూ కూర్చుంటే ఈవిడ తలలు పీక్కుంటూ కూర్చుంటుంది.

ఈసారి తెచ్చింది మొగుడి బొమ్మ. కాన్‌జి పోయి ఏడాదిన్నర అయింది. మెడ కింద కండలు తిరిగిన యోధుడు, మెడ పైన బట్టతల ట్రాము డ్రైవరు.

"పొట్ట తగ్గించవయ్యా అని నలభై ఏళ్లు మొత్తుకున్నాను. విన్నాడా? చివరికి నేనే తగ్గించాల్సొచ్చింది" అంది.

నిషిగాకి నవ్వి, బొమ్మని నొక్కి చూశాడు. "మెత్త ప్లాస్టిక్. దీనికి ఈ మెత్తబొమ్మల ప్రైమరే కొట్టాలి. అరగంటలో ఆరిపోతుంది. ఆపైన ఏ రంగేసినా చక్కగా పడుతుంది."

"మరి నా చేతిలోది?"

"అది ఇనప గేట్లకి కొట్టేది. మెత్త బొమ్మ మీద కొట్టారంటే జన్మలో ఆరదు. జిగటగా ఉండిపోతుంది. ముట్టుకున్నవాళ్ల వేళ్లకల్లా అంటుతుంది."

"ఎన్నాళ్లలా ఉంటుంది?"

"ఏడాదైనా అంతే."

"సబ్బుతో కడిగితే పోతుందా?"

"చర్మం ఊడుతుందేమోగానీ అది పోదు."

"అయితే ఇదే ఇయ్యి" అంది బామ్మ.

నిషిగాకి నోరు తెరిచాడు. "బామ్మగారూ, పోయినేడు ఒకాయన సరిగ్గా ఈ డబ్బాయే తీస్తే, 'బుర్రా, గుమ్మడికాయా అది?' అని తిట్టింది మీరే కదా!"

"నేనా? గుర్తులేదే."

కొట్లో ఉన్న ఇద్దరు ముగ్గురూ తలలు దించుకున్నారు. నిషిగాకి డబ్బాకి బిల్లు కొట్టాడు. ఆవిడ కోడలు మిచిరు తనతో చెప్పినమాట నిజమేనన్నమాట.

మిచిరు చెప్పిందేమిటంటే, కాన్‌జి పటం ముందు మిఠాయి డబ్బా పెడతారు. ఎర్ర చిక్కుడు ముద్ద కూరిన మిఠాయిలంటే ఆయనకి ప్రాణం. నెలకోసారి ఆ డబ్బాలో సగం ఖాళీ అవుతోంది. ఎవరు తిన్నారంటే బామ్మ "నేను కాదు" అంటుంది. ఇంట్లో మిగిలింది కొడుకూ కోడలూ. వాళ్లు తినలేదు. తినేసి మర్చిపోతోందని తేల్చేశారు. పదిహేడో తారీఖున మతిమరుపు పరీక్ష. అందులో తప్పితే సకాయిలో ముసలివాళ్ల హోమ్.

"అక్కడ స్ప్రేలు కొట్టనివ్వరట" అంది బామ్మ, డబ్బా సంచిలో వేసుకుంటూ. "నాకు తలలు పీకాలనిపిస్తే పక్క మంచం వాళ్లవే పీకాలి."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ గుమ్మం దాటగానే నిషిగాకి మిచిరుకి ఫోన్ చేశాడు. "చెప్పడానికి బాధగా ఉందమ్మా. కానీ మీ అత్తగారు…"

బామ్మ బాల్కనీలో, ఆరేసిన బట్టల పక్కన నిలబడి, మొగుడికి తల నుంచి పాదాల దాకా బూడిదరంగు కొట్టింది. ఆపైన ఇంకే రంగూ వెయ్యలేదు. తీసుకెళ్లి మిఠాయి డబ్బా మూత మీద కూర్చోబెట్టింది.

"బతికున్నప్పుడూ ఆయన కూర్చునేది తిండి పక్కనే" అంది.

రెండు రోజులయ్యాక మిచిరు వంగి చూసింది. "మామయ్యగారు ఇంకా నిగనిగలాడుతున్నారేంటి అత్తయ్యా? ఆరలేదా?"

"ఆరతాడులే. మీరెవరూ ముట్టుకోకండి."

మిచిరు నిట్టూర్చి, డాక్టరుకి చూపించాల్సిన కాగితం మీద ఇంకో ముక్క రాసుకుంది.

పదహారో తారీఖున, ప్రతి నెలలాగే, గుడి స్వామి స్కూటరు మీద వచ్చాడు. కాన్‌జి పేరు మీద మంత్రం చదివాడు. మిచిరు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. దక్షిణ కవరు తెస్తానని బామ్మ లోపలికి వెళ్లి ఎంతకీ రాలేదు.

"ఎక్కడ పెట్టానో మర్చిపోయాను" అంది చివరికి కవరుతో తిరిగొచ్చి.

టీ తెచ్చిన మిచిరు స్వామి వైపు చూసి, 'చూశారుగా' అన్నట్టు తలాడించింది. ఆయన కూడా జాలిగా తలాడించాడు. "వయసమ్మా. ఏం చేస్తాం? కవరు అక్కడ పెట్టండి, తర్వాత తీసుకుంటాను."

"టీ తాగండి స్వామీ. రెండు మిఠాయిలు కూడా…" అంది మిచిరు.

"అబ్బే, టీకి టైము లేదు. మిఠాయిలా? చక్కెర జబ్బు తల్లీ! తీపి ముట్టి పదేళ్లయింది. మా ఆవిడ కళ్లలో వత్తులు వేసుకుని చూస్తుంటుంది."

"వెళ్లేముందు మా ఆయనకోసారి చేతులు జోడించి దండం పెట్టండి స్వామీ" అంది బామ్మ.

స్వామి కాస్త తటపటాయించి, గుమ్మడిపండు రంగు అంగీ వెడల్పు చేతుల్లో అప్పటిదాకా దాచుకున్న రెండు చేతులూ మెల్లగా బయటికి తీసి జోడించాడు, పది వేళ్లూ గోళ్లతో సహా ఇనప గేటు రంగులో నిగనిగలాడుతుండగా.