నిలబెట్టి నడిపిన కారు

నాలుగు నెలల్లో మూడోసారి దామోదరం కారు మెకానిక్ తంగరాజు షెడ్డుకు వచ్చింది.

డాష్‌బోర్డు మీద మళ్లీ అదే నారింజ రంగు దీపం. మళ్లీ అదే ఫిర్యాదు, బండి లాగడం లేదని.

కనకమ్మ సత్రం దాటాక తిరుత్తణి రోడ్డు పక్కనే ఉంది ఆ షెడ్డు. తంగరాజు స్కానర్ తగిలించి చూశాడు. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోయింది.

"పోయినసారే చెప్పినా గదయ్యా. డీజిల్ బండి దూరం పోవల్ల. సైలెన్సర్ బాగా కాగితేనే లోపలి మసి కాలిపోయేది. తిరుత్తణి దాకా ఒకే వేగంలో పోయి రమ్మంటి. పోయినారా?"

"రెండుసార్లు పోయినానప్పా."

"మిగతా దినాలు?"

దామోదరం చక్కెర మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. భార్య పోయి ఐదేళ్లు. పిల్లలు లేరు.

తంగరాజు స్కానర్ తెరను ఆయన వైపు తిప్పాడు.

"ఇంజను నడిచిన గంటల్లో సగం గంటలు బండి కదల్లేదు. నిలబెట్టి ఇంజను ఆన్‌లో పెడతారా?"

"అవునప్పా."

"ఏం చేస్తారు దాంట్లో?"

"సుమ్మా, ఊరికే కూర్చోనుంటా."

ఖాళీ ఇంట్లో ఉండలేక కారులో ఏసీ వేసుకుని కూర్చుంటాడు కాబోలు అనుకున్నాడు తంగరాజు. జాలీ వేసింది, విసుగూ వేసింది.

"నిలబెట్టి నడిపినా మసి పట్టకుండా ఏమన్నా దారి ఉండాదా?" అని అడిగాడు దామోదరం.

"లేదయ్యా."

"అయితే పట్టనీలే. మళ్లా నీ దగ్గరికే తెస్తా."

"ఈసారి ఊడదీసి కడగల్ల. రేపు సాయంత్రం అవుతాది."

దామోదరం ముఖం మారింది.

"రేపు మధ్యాన్నం లోపల కాదా?"

"మీకేం తొందరయ్యా? ఇంట్లో ఎవరుండారు, ఎదురు చూసేదానికి?"

అనేశాక తంగరాజు నాలుక కరుచుకున్నాడు. దామోదరం మాత్రం నవ్వినట్టే తలూపి, ఎండలో రోడ్డెక్కి నడిచి వెళ్లిపోయాడు.

మర్నాడు ఫిల్టర్ కడుగుతుంటే నీళ్లు కాటుకలా నల్లగా కారాయి. తేటబడేదాకా కడిగి, ఆరబెట్టి, బిగించాడు. దీపం ఆరిపోయింది. సంతోషంగా ఫోన్ చేశాడు.

ఎత్తింది పక్కింటాయన.

"దామోదరమా? పొద్దున గుండెనొప్పితో పోయినాడు."

తంగరాజు పరుగున వెళ్లాడు. శవం దగ్గర ఆరుగురున్నారు. ఎవరూ ఏడవడం లేదు. పొన్నేరి నుంచి వచ్చిన ఓ దూరపు బంధువు, "కారు మీ దగ్గరే ఉండనీండి, ఆదివారం వచ్చి తీసుకుపోతా" అన్నాడు.

ఇంత ఒంటరి మనిషిని తాను అంత మాట ఎందుకన్నాడో తంగరాజుకు తెలియలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

తర్వాతి రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది.

పావుగంటకు ఓ అమ్మాయి సైకిలు మీద వచ్చి షెడ్డు ముందు దాదాపు పడిపోయినట్టు దిగింది. చెమటతో జాకెట్టు తడిసి ఉంది.

"అన్నా, ఆ తెల్లకారు రెడీ అయిందా? అయ్య యాడ?"

"నువ్వెవరమ్మా?"

"కోకిల. పక్కూరు. అన్నీ చెప్తానన్నా, ముందు కారు తీయండి. మీ కాళ్లు పట్టుకుంటా!"

ఆమె కళ్లు చూసి తంగరాజు ఇంకేమీ అడగలేదు. తాళంచెవి తీసుకున్నాడు.

రెండు కిలోమీటర్లు. ఇరుకు సందు. చివర ఓ పెంకుటిల్లు.

"ఇంజను ఆపొద్దన్నా!"

కోకిల బానెట్ ఎత్తి, ఇంట్లోని చిన్న ఇన్వర్టర్ నుంచి కిటికీలోంచి వేలాడుతున్న రెండు వైర్లను అలవాటైన చేతులతో బ్యాటరీకి తగిలించి లోపలికి పరుగెత్తింది. ఇంట్లో ఏదో మిషను గుర్రుమంటూ మొదలైంది.

తంగరాజు స్టీరింగ్ ముందు అలాగే కూర్చుండిపోయాడు.

చాలాసేపటికి ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"అయ్యకు ఒళ్లు బాగలేదా అన్నా? కారు మీ షెడ్డులో ఉండాదనీ, కరెంటు పోతే ఎట్లయినా వస్తాననీ మొన్న ఫోన్లో చెప్పినాడు. ఇప్పుడు ఎన్నిసార్లు చేసినా ఎత్తడంలే."

తంగరాజు ఆమె ముఖం చూడలేక బ్యాటరీ వైర్ల వైపు చూశాడు.

"ఆయన మీకేమవుతాడమ్మా?" అన్నాడు.

"ఏమీ కాడన్నా" అంది కోకిల. "కరెంటు పోయిన ప్రతిసారీ ఆక్సిజన్ మిషను ఆగకుండా ఈ కారు ఇట్ల నిలబెట్టి, రెండేండ్లుగా మా అమ్మకు ఊపిరి పోస్తా ఉండేది ఆయనే."