చిటికెనవేలు

"మళ్ళీ జారింది సార్!"

బస్తాలు మీదపడ్డ మిర్చియార్డు హమాలీ కడుపులో, బాగా లోతున, నెత్తురు ఊరుతూనే ఉంది. సర్జరీ నేర్చుకుంటున్న సిద్దికా వేసిన ముడి రెండోసారీ నిలవలేదు. ఎదురుగా ప్రొఫెసర్ బుల్లయ్య గారు తెగిన రక్తనాళాన్ని అదిమి పట్టుకుని ఉన్నారు.

"నేను చెయ్యి తీస్తే మనిషి దక్కడమ్మా. ముడి నువ్వే వెయ్యాలి. అసలు ఆ చిటికెనవేలు అలా పైకి లేపుతావేం? కోత అంచుకి తగిలి చెయ్యి లోపలికి పోవట్లా!"

సిద్దికా బిత్తరపోయింది. ఆ ముడి ఆమె కళ్ళు మూసుకుని వెయ్యగలదు.

"మీ చెయ్యి చూసేగా సార్ నేర్చుకుంది! మీరూ అలాగే వేస్తారు."

"నేనా?"

"అవున్సార్. మీ దగ్గర నేర్చుకుని ఒంగోలు వెళ్ళిన చైతన్యకృష్ణ సారూ అంతే. ఆయన స్టూడెంట్లూ అంతే."

మాస్కు వెనకనుంచి బుల్లయ్య గారు గట్టిగా అన్నారు.

"నాది వంగదమ్మా! చిన్నప్పుడు పత్తిమిల్లు బెల్టులో పడి నలిగింది. నీ వేలికేం రోగం? వంచు!"

వంచింది. చెయ్యి సులువుగా దిగింది. ముడి బిగిసింది. ఆయన భయంభయంగా చెయ్యి తీశారు. నెత్తురు రాలేదు.

"ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదేం?"

"అడిగితే థియేటర్లోంచి గెంటేస్తారని సార్."

ఆయన వంగని తన చిటికెనవేలి వంక చూసుకున్నారు.

"దానిమీద ఇంకో ముడి వెయ్యి" అన్నారు చివరికి, మెల్లగా.

సిద్దికా దారం అందుకుంది. చిటికెనవేలు దానంతటదే పైకి లేచింది.