పొద్దుగూకేదాకా ఖైదీ

ఏడాదిగా ఆదివారం కాపలా కాస్తున్నా, బరాక్ టప్పర్ ఒక్కడినీ పట్టుకున్న పాపాన పోలేదు.

విశ్రాంతి దినాన హెరన్‌కోవ్ ఊరి దారిలో ఎవరూ ప్రయాణం చేయకూడదు. చేసినవాణ్ణి పొద్దుగూకేదాకా కదలకుండా ఆపడం బరాక్ పని. అందుకు ఊరు ఇచ్చిన పొడుగాటి కర్ర ఇన్నాళ్లూ ప్రార్థనలో కునికిపాట్లు పడే ముసలివాళ్లను పొడవడానికే పనికొచ్చింది.

అందుకే, బురద కోటుతో కుంటి గుర్రాన్ని నడిపించుకుంటూ వస్తున్న ఆ పెద్దాయన్ని చూడగానే బరాక్‌కు ప్రాణం లేచొచ్చింది.

"ఆగు. ఇవాళ ఏం వారం?"

"ఆదివారం నాయనా."

"తెలిసే చేస్తున్నావన్నమాట."

"నిన్ననే చేరాల్సినవాణ్ణి. గుర్రం కుంటుపడింది. మీ ఊరి పని మీదే వస్తున్నాను."

"దొరికినవాళ్లందరూ అదే మాటంటారు," అన్నాడు బరాక్, ఎందరినో పట్టుకున్నవాడిలా.

పెద్దాయన అతణ్ణీ, అతని కర్రనీ ఎగాదిగా చూశాడు. ఏదో చెప్పబోయి, నవ్వుకుని ఊరుకున్నాడు.

బరాక్ ఆయన్ని తన పెరట్లోని కట్టెల కొట్టులో కూర్చోబెట్టాడు.

"రేపు ఇంట్లో పెళ్లి పెట్టుకుని ఎవర్నో తెచ్చి కట్టెల్లో పడేశావేమయ్యా?" అంది భార్య మెహిటబెల్.

"పెళ్లి పెళ్లే, చట్టం చట్టమే."

ఆ పెళ్లి బెంగ ఇంటిల్లిపాదికీ ఉంది. ఆ తీరంలో పెళ్లి చేసేది పాస్టరు కాదు, న్యాయాధికారి. ఆయన చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఒక్కడే. బరాక్ కూతురు కెజయాకూ, నావికుడు ఆసాకూ ఇప్పటికే రెండుసార్లు ముహూర్తం తప్పింది. మొదటిసారి మంచు కురిసి ఆయన రాలేదు. రెండోసారి జబ్బుపడి ఏకంగా పైకే పోయాడు. ఆయన స్థానంలో వచ్చినాయన సోమవారం తప్పక చేస్తానని కబురు పెట్టాడు. ఆ మధ్యాహ్నమే ఆసా పనిచేసే ఎండుచేపల ఓడ బార్బడోస్‌కు బయలుదేరుతుంది. ఈలోగా పెళ్లి కాకపోతే మళ్లీ వచ్చే ఏడాది మాటే.

పొద్దు గూకింది. విశ్రాంతి దినం ముగిసింది. బరాక్ కొట్టు తలుపు తీశాడు.

"భోంచేసి వెళ్లండి పెద్దాయనా," అంది మెహిటబెల్. మొగుడి నిర్వాకానికి ఆమెకు లోపల సిగ్గుగానే ఉంది.

శనివారం వండిన చిక్కుళ్లు, రై రొట్టె పెట్టింది. బరాక్ మాత్రం నీళ్లు కలిపిన యాపిల్ కల్లు పోశాడు.

"ఆ పీపాలో ఉన్నదేమిటి?" అడిగాడు పెద్దాయన.

"అది మంచి సరుకు. రేపు న్యాయాధికారిగారికి."

"అదృష్టవంతుడు," అన్నాడు పెద్దాయన, తన గ్లాసు ఖాళీ చేస్తూ.

బల్లకు ఆ చివర ఆసా ముద్ద మింగలేక అవస్థ పడుతున్నాడు. "రేపు అంత పెద్దమనిషి ముందు నాకు నోరు పెగలదు మావయ్యా."

"తుపానులో ఓడంతా వినిపించేలా అరుస్తావు. నా పేరు చెప్పడానికి భయమా?" అంది కెజయా.

"అయితే ఇప్పుడే ఒకసారి అనేసి చూడండి. భయం పోతుంది," అన్నాడు పెద్దాయన. "ఊళ్లో పెళ్లి చాటింపు అయిందా?"

"మూడుసార్లూ అయింది. ఎవరూ అడ్డు చెప్పలేదు," అంది మెహిటబెల్.

"నేనే చెబుదామనుకున్నాను," అన్నాడు బరాక్. అందరూ నవ్వారు.

"చేతులు పట్టుకోండి. ఆసా, ఈ పిల్లను నీ ఇష్టంతో భార్యగా స్వీకరిస్తున్నావా?"

"స్వీకరిస్తున్నాను." గొంతు తడబడలేదు.

"అమ్మాయ్, మరి నువ్వు?"

"ఇంత దూరం వచ్చాక తప్పుతుందా? నా ఇష్టంతోనే స్వీకరిస్తున్నాను."

"అయితే మీరు భార్యాభర్తలు," అన్నాడు పెద్దాయన రొట్టె తుంచుకుంటూ.

బరాక్ కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వాడు. "అచ్చం న్యాయాధికారిలానే అన్నావయ్యా. నాటకాల్లో చేరాల్సింది."

పెద్దాయన అందరికీ దణ్ణం పెట్టి, పడుకోవడానికి సత్రానికి వెళ్లిపోయాడు.

సోమవారం తెల్లవారింది. చుట్టాలొచ్చారు. కేకులొచ్చాయి. న్యాయాధికారి మాత్రం రాలేదు.

పొద్దు నడినెత్తికి వస్తోంది. ఓడ మీద గంట కొట్టారు. కెజయా గుమ్మంలోనే కూలబడి ఏడ్చేసింది. ఆసా మూట భుజాన వేసుకుని, కదలలేక అక్కడే నిలబడిపోయాడు.

బరాక్ రోడ్డు దాకా పరుగెత్తి చూసొచ్చాడు. కూతురి ఏడుపుకు అతని గుండె తరుక్కుపోయింది. ఆ న్యాయాధికారి ఆదివారం వచ్చినా సరే, ఎదురెళ్లి కళ్లకద్దుకుందును గదా అనుకున్నాడు.

అప్పుడొచ్చాడు ఊరి కరణం జాబెజ్, తాపీగా. రాగానే ఒక కేకు ముక్క నోట్లో వేసుకున్నాడు.

"న్యాయాధికారి రాలేదు జాబెజ్," అన్నాడు బరాక్ నీరసంగా.

"ఎందుకొస్తాడు? పొద్దున్నే సత్రం నుంచి తిన్నగా నా దగ్గరికొచ్చి, ఇక్కడి పని అయిపోయిందని చెప్పి పక్క ఊరు వెళ్లిపోయాడు."

"ఏం పని అయింది? ఇక్కడ నా కూతురు ఏడుస్తోంటే!"

"ఓడ కదిలే వేళ దాకా నీకు చెప్పొద్దన్నాడు. 'నన్ను పొద్దుగూకేదాకా కూర్చోబెట్టాడు, ఆయన్ని కనీసం మధ్యాహ్నం దాకా కూర్చోనివ్వు' అన్నాడు."

బరాక్ గుమ్మం పక్కన ఆనించిన తన కర్ర వంక చూశాడు.

జాబెజ్ కెజయా వైపు తిరిగి నవ్వాడు. "కళ్లు తుడుచుకుని మీ ఆయన్ని ఓడెక్కించి రామ్మా, రాత్రి చిక్కుళ్లు తింటూ మీకు పెళ్లి చేసిందే మన కొత్త న్యాయాధికారి."