నూట నలభై మూడో సెల్లు

నూట నలభై మూడో బ్యాటరీ సెల్లు కూడా పోయింది. తెర మీద దాని ఛార్జి చూపే గీత ఒక్కసారిగా కిందికి జారి మళ్లీ లేవలేదు. ఆమె సెల్లును పటకారుతో తీసి ఇసుక పెట్టెలో పడేసింది. పోయిన సెల్లును విప్పకూడదని ఆ ల్యాబులో కట్టుబాటు. ఒకప్పుడు ఒకటి విప్పబోతే మంట లేచి గైడు గారి కనుబొమలు కాలాయి. అయినా పగిలేదేదో తెలిసిందే కదా, విప్పి చూసేదేముందని ఆయన అనేవారు.

బొత్తామంత సెల్లులో ఎదురెదురుగా రెండు బిళ్లలుంటాయి. ఒకటి కొనుక్కొచ్చిన లిథియం రేకు. రెండోది ఆమె ఆరేళ్ల కష్టం, వెంట్రుకలో వెయ్యో వంతు సన్నటి సిలికాన్ పోగుల పూత. అది నిలిస్తే బ్యాటరీ ఇప్పటికన్నా ఎంతో ఎక్కువసేపు వస్తుంది. కానీ మామూలుగా లిథియం చేరగానే సిలికాన్ ఉబ్బి పగులుతుంది. అంత సన్నటి పోగులైతే పగలవని ఆమె మొండి నమ్మకం. "నీ బ్యాటరీ వచ్చేదాకా నా పాత ఫోను మార్చను" అని వాళ్ల నాన్న ఆటపట్టిస్తుంటాడు.

గైడు వచ్చి, ల్యాబు మూసేస్తున్నారనీ చివరి నివేదిక ఇవాళే పంపాలనీ చెప్పారు.

"ఏమని రాయను సార్?"

"ఉన్నదున్నట్టు రాయమ్మా. ఈ దారిలో ఇంకొకరు కాళ్లరగదీసుకోకుండా ఉంటారు."

పోగులు నిలవవనీ ఈ పద్ధతి పనికిరాదనీ తన చేత్తోనే రాసి పంపింది. ఏడుపు రాలేదు. రానందుకే ఆమెకు ఎక్కువ బాధ వేసింది. మధ్యాహ్నం పోగులు పెంచే కొలిమిని విప్పి తుక్కు కింద పట్టుకుపోయారు. మిగిలిన పూతనంతా ఆమే కడిగి పారబోసింది. నాన్నకు ఫోను చేసి, కొత్త ఫోను కొనుక్కోమని చెప్పింది.

ఇక మిగిలింది ఇసుక పెట్టె. బిళ్లలు విడదీసి ఇస్తేనే తీసుకెళ్తామని వ్యర్థాల వాళ్లు పట్టుబట్టారు. ల్యాబు టెక్నీషియను అక్క, మంట లేవకుండా, గాలి చొరబడని గాజు పెట్టెకు బిగించిన తొడుగుల్లో చేతులు పెట్టి మొదటి సెల్లు విప్పింది.

"ఏమ్మా, ఇందులో పొడైపోయిందేది?"

"ఇంకేముందక్కా, నా పూతే."

"ఒకసారి వచ్చి చూడు."

ఆమె గాజుకు ముఖం ఆనించి చూసింది. ఇంకొకటి విప్పించింది. తర్వాత వరసగా పది విప్పించింది. అన్నిట్లోనూ ఒక బిళ్ల చెక్కుచెదరలేదు, రెండోది పొడిపొడిగా రాలి ఉంది.

రాలింది లిథియం రేకు.