తొమ్మిదో పేజీ, అడుగున

సాయంత్రం ఎడిషన్‌కి ఆమె చేయవలసిన పనులు: పెద్ద దేశపు రాజధానిలో పేలుడు, నలుగురి మృతి – మొదటి పేజీ, ఆరు ఫొటోలు. కొండల అవతల బడిలో పేలుడు, ముప్పై మంది మృతి – తొమ్మిదో పేజీ అడుగున, రెండు లైన్లు. మాస్టారి పదవీ విరమణ – అరపేజీ.

నాలుగో పనిని కాగితం మీద రాసుకోలేదు.

"ఆఖరి రోజు కూడా నల్లచొక్కాకి తెల్లదారంతో గుండీలేనా మాస్టారూ?" పేజీలు పెట్టే అతను ఆటపట్టించాడు.

"సూదిలో ఏ దారం దూరితే అదే రంగురా నాయనా," అన్నారు డెస్క్ ఇన్‌చార్జి. ఆఫీసంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది.

అందరూ నవ్వారు, ఆమె తప్ప.

"ముప్పై మందికి రెండు లైన్లేనా మాస్టారూ?"

"పైవాళ్ల కొలతమ్మా. కొన్ని చావులు పేజీకి బరువట, కొన్ని తేలికట."

ఆమె పర్సులో పన్నెండేళ్ల నాటి పేపరు కత్తిరింపు ఉంది. "సంతలో పేలుడు. 19 మంది మృతి." అంతే. ఆ పంతొమ్మిది మందిలో, కూరగాయలమ్మి తనని చదివించిన అమ్మ ఉంది. ఆ రోజు మొదటి పేజీ నిండా ఎక్కడో సముద్రాల అవతల హోటల్లో పోయిన ముగ్గురే. వాళ్లలో ఒకామె పెంచుకున్న కుక్క పేరు కూడా వేశారు. అమ్మ పేరు వేయలేదు.

వార్త దిద్దినవాళ్లు కాగితం అంచున పొడి సంతకం పెట్టాలన్నది ఆ ఆఫీసు నియమం. చేరిన నెలకే ఆమె పాత కట్టలు విప్పి, సంత వార్త అంచున ఉన్న సంతకం ఎవరిదో పట్టుకుంది. తనకి పని నేర్పుతున్న చేతిదే. రెండేళ్లు పంటిబిగువున ఓపిక పట్టింది.

నాలుగింటికి పత్రిక వచ్చింది. తన వార్త కోసం పేజీలన్నీ తిప్పిన మాస్టారి వేలు తొమ్మిదో పేజీ అడుగున ఆగింది. "డెస్క్ ఇన్‌చార్జి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు పనిచేశారు."

"అరపేజీ అన్నారే?"

"తేలిక వార్త కదా మాస్టారూ." కత్తిరింపుని బల్లమీద పరిచింది. "ఇందులో మా అమ్మ ఉంది. పంతొమ్మిది మందిని రెండు లైన్లకి కోయడానికి చేతులెలా వచ్చాయండీ?"

ఆయన మొహం పాలిపోయింది. ఆమెకి కడుపు చల్లబడింది.

"అసలు వార్తే వద్దన్నారమ్మా," మెల్లగా అన్నారాయన. "ఆ సంత గొడవ ఎవడికి కావాలన్నారు. కాళ్లావేళ్లా పడితే ఆ రెండు లైన్లిచ్చారు."

ఖాళీ చేస్తున్న సొరుగు అడుగు నుంచి పసుపెక్కిన కాగితం తీశారు. ఆయన చేతిరాతే. వరసగా పంతొమ్మిది పేర్లు. ఏడోది అమ్మది. పక్కన, "కూరగాయలు. ఒక కూతురు."

"ఆస్పత్రి గుమ్మంలో కూర్చుని రాశాను. అచ్చు కాలేదు. నువ్వైనా చదువు."

ఒక్కో పేరే చదివింది. ప్రతి పేరు పక్కనా ఒక మాట ఉంది. ఆఖరి పేరు పక్కన మాత్రం ఖాళీ.

"ఈవిడ గురించి ఏం తెలియలేదా మాస్టారూ?"

ఊడొస్తున్న గుండీని సర్దుకుంటూ ఆయన లేచారు.

"మా ఆవిడ, గుర్తుపెట్టుకోమ్మా."