కుడిచెవి మొగ్గ

"ఏమే వైమితీ, మీ నాన్న మళ్లీ పెళ్లికొడుకవుతున్నాడటగా?" రొట్టెల బండి దగ్గర పురేయా నలుగురూ వినేలా అడిగింది. అందరూ కిసుక్కున నవ్వారు.

వైమితి రొట్టె చంకన పెట్టుకుని, తల దించుకుని ఇంటిదారి పట్టింది.

అమ్మ పోయి రెండు నెలలైనా కాలేదు. డెబ్బై రెండేళ్ల నాన్న తిహోనీ రోజూ తెల్లటి తియారే పూమొగ్గ కోసి, కుడిచెవి మీద దోపుకుని, పడవల రేవులో పోయి కూర్చుంటున్నాడు. ఎడమచెవి మీద పువ్వుంటే మనిషికి తోడున్నట్టు. కుడిచెవి మీదుంటే తోడు కోసం చూస్తున్నట్టు. ఆ దీవిలో ఈ సంగతి చంటిపిల్లలకు కూడా తెలుసు.

నలభై ఆరేళ్లు అమ్మ తన చేత్తో ఆయన ఎడమచెవి మీద మొగ్గ దోపి మరీ బయటికి పంపేది. ముంగిట్లో ఉన్న తియారే పొద అమ్మ నాటిందే. దాని పక్కనే ఇప్పుడు అమ్మ సమాధి. ఆ పొదలోంచే కోస్తాడా ఈయన! అదీ ఏడాది పొడవునా పచ్చగా ఉండి పూస్తూనే ఉంటుంది, సిగ్గులేని మొక్క. ఉతకబోతే ప్రతి చొక్కా జేబులోనూ నల్లబడ్డ పూలే. ఆ మగ్గిన తీపివాసనకు వైమితి ముక్కు మూసుకుని వాటిని పారేసేది.

"చెప్పులెక్కడ విప్పావో గుర్తుండదు. అన్నం తిన్నావో లేదో గుర్తుండదు. పువ్వు మాత్రం మర్చిపోవేం నాన్నా?" అని నిన్ననే దులిపేసింది.

"పువ్వు లేకుండా ఎట్లా వెళ్తానే?" అని నవ్వాడు ముసలాయన. ఆ నవ్వు చూస్తే ఆమెకు మరీ అసహ్యం వేసింది.

ఇవాళ ఇక తట్టుకోలేకపోయింది. రొట్టెను అరుగు మీద పడేసి, కొబ్బరికాయలు కొట్టే కత్తి అందుకుంది. పూలూ మొగ్గలూ అని చూడకుండా పొదను మొదలంటా నరికేసింది. మళ్లీ చిగురించకుండా వేళ్లు కూడా పెళ్లగించింది.

"నీ షోకులు ఇవాళ్టితో సరి నాన్నా!" అని అరుస్తూ ఆయన గది తలుపు తోసింది.

అద్దం పక్కన పెళ్లిఫోటో ఆనించుకుని, అమ్మ ఆయన ఎడమచెవి మీద దోపిన మొగ్గ ఫోటోలో ఏ పక్కన కనిపిస్తోందో అద్దంలోనూ సరిగ్గా ఆ పక్కనే ఉండేలా, తిహోనీ కుడిచెవి మీద మొగ్గ దోపుకుంటున్నాడు.