ఆఖరి రెండు ముక్కలు

సత్యవతిని చంపినవాడికి క్షమాపణ లేదు. జైలుకొచ్చిన రోజే వీరయ్య ఆ సంగతి తేల్చేసుకున్నాడు. నూజివీడు పక్కన మామిడితోట. మిట్టమధ్యాహ్నం. పప్పులోకి రెండు కాయలు కోసుకుంటోంది. కణతకి రాయి తగిలింది. అంతే. అతని భార్య మళ్లీ లేవలేదు.

పంద్రాగస్టుకి ఖైదీలు నాటకం వేస్తున్నారు. కొడుకును పోగొట్టుకున్న తండ్రి వేషం వీరయ్యది. ఆ కొడుకును చంపినవాడి వేషం గంగరాజుది. చివర్లో గంగరాజు కాళ్ల మీద పడాలి. వీరయ్య "క్షమించాను, లే" అనాలి.

అక్కడికొచ్చేసరికి వీరయ్య నోరు మూసుకునేవాడు.

"రెండు ముక్కలయ్యా! గొంతులో టెంక అడ్డుపడిందా?" అని విసుక్కున్నాడు నాటకం నేర్పుతున్న సుబ్బారావు. "ఈయన క్షమించేలోపు మన శిక్షలు అయిపోతాయ్."

అందరూ నవ్వారు. గంగరాజు నవ్వలేదు. గట్టు తగాదాలో సొంత అన్నని పారతో కొట్టి చంపాడతను. తల్లి బుజ్జమ్మ ఆరేళ్లుగా చూడ్డానికి రాలేదు. నాటకానికి ఇళ్లవాళ్లని రానిస్తారని తెలిసి, మైలవరం నుంచి వస్తానని కబురు పెట్టింది.

"మా అమ్మ ముందు ఒక్కసారి అను బాబాయ్. ఉత్తుత్తికే" అన్నాడు గంగరాజు, వీరయ్యని పక్కకి పిలిచి.

వీరయ్య వెళ్లబోతే గంగరాజు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మీ ఆవిణ్ణి చంపినోణ్ణి క్షమించనంటావుగా, వాడిప్పుడెక్కడున్నాడు?"

"జైల్లో. పూటపూటా తింటున్నాడు."

"ఈ జైల్లోనేనా?"

"ఆఁ."

గంగరాజు మొహం పాలిపోయింది. "వాణ్ణేం చెయ్యకు బాబాయ్."

పంద్రాగస్టు నాడు బుజ్జమ్మ ముందు వరసలో కూర్చుంది. గంగరాజు కాళ్లు పట్టుకున్నాడు. ఆ ఏడుపు సుబ్బారావు నేర్పింది కాదు. వీరయ్య కదల్లేదు. తెర చాటు నుంచి సుబ్బారావు మాట అందించాడు. మళ్లీ అందించాడు.

"క్షమించాను. లే" అన్నాడు వీరయ్య చివరికి, గోడకి చెప్పినట్టు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బుజ్జమ్మ లేచి స్టేజీ దగ్గరికి వెళ్లింది. కొడుకు తల మీద చెయ్యి వేసింది. వార్డరు అడ్డుకోలేదు.

నాటకం అయ్యాక వీరయ్య కుళాయి దగ్గర రంగు కడుక్కుంటున్నాడు. గంగరాజు వచ్చి నిలబడ్డాడు.

"నాకన్నావుగా బాబాయ్. ఆ మాటేదో వాడిక్కూడా అనెయ్. నీకూ తేలికవుద్ది."

వీరయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"కొమ్మ కదిలితే కోతి అనుకుని వడిసెల తిప్పి రాయి వదిలింది నేనే, ఇంకెప్పుడూ ఈ ఊసెత్తకు."